ఖర్చు ఎంతో ముందు చెప్పండి

అధ్యక్షులకు, సభలోని పెద్దలకు నమస్కారం.

రాజధాని మార్పు అనగానే మన సభల్లో గొంతులు పెరుగుతాయి. 1953లో కర్నూలు గుడారాల నుంచి నేటి అమరావతి దాకా ఆ అనుభవం మనకు దండిగానే ఉంది. అందుకే ఈ పూట మనలో ఎవరికీ సెంటు స్థలం కూడా లేని చోటికి తీసుకెళతాను. అది అమెరికాలోని అలాస్కా.

దాని రాజధాని జూనో. బయటి నుంచి ఆ ఊరికి రోడ్డు లేదు. ముందు సముద్రపు పాయ, వెనక నిటారు కొండలు, ఆ పైన మంచు. ఊళ్లో కార్లు తిరుగుతాయి. ఉత్తరంగా అరవై కిలోమీటర్ల పైచిలుకు వెళ్లేసరికి రోడ్డే అయిపోతుంది. శాసనసభ్యుడైనా సరే విమానమో ఓడో ఎక్కాల్సిందే. మబ్బు బాగా కిందికి దిగిన రోజున విమానం కూడా దిగలేక వేరే ఊరికి వెళ్లిపోతుంది. కింద సభ నడుస్తుంటుంది, సభ్యుడు మబ్బుల్లో ఉంటాడు!

ఇంతకీ జూనో కూడా మార్చిన రాజధానే. 1880లో అక్కడ బంగారం దొరికింది. పాత రాజధాని సిట్కా వెలవెలబోయింది. 1900లో చట్టం చేసి, 1906లో కార్యాలయాలను తరలించారు. తర్వాత జనమేమో సుమారు 900 కిలోమీటర్ల దూరంలోని యాంకరేజ్‌ వైపు పెరిగారు. ఇప్పుడు అక్కడ మూడు లక్షలకు కాస్త తక్కువ మంది, జూనోలో ముప్ఫై వేల పైచిలుకు. అర్జీ పట్టుకుని సభ గుమ్మం దాకా వెళ్లాలంటే విమానం టికెట్టు కొనాలా అని యాంకరేజ్‌ వాళ్లు అడిగితే, అందులో న్యాయం లేదని నేను అనలేను.

1960లో, 1962లో ప్రజలు మార్పు వద్దన్నారు. 1974లో సరేనన్నారు. అయితే కొత్త రాజధాని యాంకరేజ్‌కు గానీ ఫెయిర్‌బ్యాంక్స్‌కు గానీ 30 మైళ్ల లోపు ఉండకూడదని షరతు పెట్టారు. ఏ పెద్ద ఊరినీ మరో ఊరు నమ్మదు కదా! 1976లో మూడు చోట్లలో విల్లో అనే పల్లెను ఎంచుకున్నారు.

అసలు కథ 1978లో జరిగింది. నిర్మాణానికి 96 కోట్ల 60 లక్షల డాలర్ల అప్పుకు అనుమతి అడిగితే ఓటర్లు కాదన్నారు. అదే ఎన్నికలో ‘ఫ్రాంక్’ అనే ప్రతిపాదనను గెలిపించారు. మొత్తం ఖర్చు లెక్కగట్టి, ప్రజల ముందు పెట్టి, వాళ్లు ఒప్పుకున్నాకే పైసా ఖర్చు చేయాలన్నది దాని సారాంశం. లెక్క కట్టారు. సుమారు 280 కోట్ల డాలర్లు తేలింది. 1982లో ఆ అంకె చూసి జనం వద్దనేశారు. 1994లో వాసిల్లాకు మారుద్దామన్నా, 2002లో కనీసం సమావేశాలైనా మారుద్దామన్నా అదే జవాబు.

జూనో వాళ్లూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. సభ జరిగే తీరును రాష్ట్రమంతా టీవీలో చూసే ఏర్పాటుకు ఆ ఊరి పాలక సంస్థే డబ్బు ఇస్తుంది. దూరాన్ని తగ్గించలేకపోతే మాటనైనా దగ్గరకు చేర్చారు. తెలివైన పెట్టుబడే అంటాను.

విల్లో సంగతి అడుగుతారేమో. అది ఇప్పటికీ చిన్న ఊరే. మంచు సరిగ్గా పడిన ఏడాది, మార్చిలో ఇడిటరాడ్ పందెం కుక్కల బళ్లు అక్కడి నుంచే బయలుదేరతాయి. ఆ ఒక్కరోజు మాత్రం గడ్డకట్టిన చెరువు మీద జనం కిటకిటలాడతారు.