గొంతు నొప్పి నుంచి గుండె కవాటం దాకా: రోగనిరోధక కణాలు ఏం చేస్తాయి?

నమస్తే అండి. గుంటూరు నుంచి నర్సింగ్, ఎంబీబీఎస్ విద్యార్థుల కోసం ఈ వీడియో. ఈరోజు రుమాటిక్ గుండె జబ్బు.

ముందు ఒక్క మాట గట్టిగా గుర్తుపెట్టుకోండి. ఈ జబ్బులో పాడైన కవాటంలో బ్యాక్టీరియా ఉండదు. బ్యాక్టీరియా కవాటం మీదే స్థిరపడే జబ్బు వేరు, అది ఇన్ఫెక్టివ్ ఎండోకార్డైటిస్. పరీక్షల్లో ఈ రెండింటినీ కలిపేయకండి. ఇక్కడ కవాటాన్ని దెబ్బతీసేది మన సొంత కణాలే.

బొమ్మ చూడండి. గ్రూప్ ఏ స్ట్రెప్టోకాకస్ గొంతులో చేరింది. ఎక్కువగా 5 నుంచి 15 ఏళ్ల పిల్లల్లో చూస్తాం. దాని ఒంటి మీద ఎం ప్రోటీన్ ఉంటుంది. అందులో కొంత భాగానికి మన గుండె కండరంలోని ప్రోటీన్ అయిన మయోసిన్‌తో పోలిక ఉంది. ఎం ప్రోటీన్ మీద తయారైన యాంటీబాడీల్లో కొన్ని, రెండు మూడు వారాల తర్వాత, కవాటం పైపొరకు కూడా అంటుకుంటాయి.

ఇప్పుడు అసలు ఘట్టం. దెబ్బతిన్న ఆ పైపొర మీద వీకామ్-1 అనే అణువులు పుట్టుకొస్తాయి. రక్తంలో పోతున్న టి కణాలు (ఒక రకం తెల్ల రక్తకణాలు) వాటిని పట్టుకుని ఆగి, కవాటం లోపలికి దూరతాయి. వీటిలో సీడీ4 కణాలే, అంటే సహాయక టి కణాలే ఎక్కువ. ఇంటర్‌ఫెరాన్ గామా, టీఎన్ఎఫ్ అనే వాపు పెంచే రసాయనాలు వదిలి, సూక్ష్మజీవులను మింగే కణాలైన మాక్రోఫేజ్‌లను కూడా రప్పిస్తాయి. గుండె కండరంలో ఈ కణాలు గుంపుగా చేరి కనిపించే గడ్డలనే జర్మన్ వైద్యుడు అషాఫ్ 1904లో వర్ణించాడు.

మరి కండరం చాలావరకు కోలుకుంటుంది, కవాటం ఎందుకు కోలుకోదు? నాకు ఈ పాఠంలో బాగా నచ్చే ప్రశ్న ఇదే. వాపును అదుపు చేసే ఇంటర్‌ల్యూకిన్-4ను తయారుచేసే కణాలు కండరంలో బాగానే కనిపించాయి, కవాటంలో మాత్రం చాలా తక్కువ. అంటే మంట పెట్టేవాళ్లున్నారు, ఆర్పేవాళ్లు లేరు. దాంతో కవాటంలో కొత్త రక్తనాళాలు పుడతాయి, పీచు పేరుకుంటుంది, రేకుల అంచులు అతుక్కుపోతాయి. ఎక్కువగా దెబ్బతినేది మైట్రల్ కవాటం, అంటే గుండె ఎడమ వైపు రెండు గదుల మధ్య ఉండేది. మామూలుగా 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్లు ఉండే దారి 1.5కు, ఇంకా తక్కువకు కూడా దిగిపోతుంది.

"జ్వరం తగ్గిపోయింది కదండీ, ఇంకా ఇంజెక్షన్ ఎందుకు?" అని వార్డులో తల్లులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్న. పెన్సిలిన్ పాత మచ్చను మాన్పదు. కానీ ఆ టి కణాల జ్ఞాపకం ఒంట్లో మిగిలే ఉంటుంది. మళ్లీ స్ట్రెప్ గొంతుకు సోకితే అవి మళ్లీ కవాటం మీదికే వెళ్తాయి, మచ్చ మీద మచ్చ పడుతుంది. అందుకే స్ట్రెప్‌ను గొంతులో అడుగు పెట్టనివ్వకుండా, మూడు వారాలకోసారి బెంజాథిన్ పెన్సిలిన్. గుండెకు వాపు వచ్చిన పిల్లలకు కనీసం 10 ఏళ్లు, కొందరికి ఇంకా ఎక్కువ.

సూది బాగా నొప్పి పెడుతుంది, పిల్లలు ఏడుస్తారు, తల్లులకు టెన్షన్. అయినా తర్వాతి తేదీ కార్డు మీద రాసి, చదివి వినిపించి పంపండి. ఈ కణాల కథ రెండు ముక్కల్లో వాళ్లకూ చెప్పండి. ఎందుకో తెలిసిన అమ్మ తేదీ తప్పనివ్వదు.