పప్పు ముందా, పులుపు ముందా?

(కాలనీ ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, సంఘం పెద్దలకు, పక్క షామియానా నుంచి తాలింపు వాసన వస్తున్నా లేవకుండా కూర్చున్న మీ అందరికీ నమస్కారం. ‘ఇంటి వంటా, హోటల్ భోజనమా’ అని అంశం ఇచ్చారు. రెంటికీ న్యాయం చేద్దామనే వచ్చాను.

రాత్రి ఎనిమిదింటికి ఫోన్ తీసి ఆర్డర్ పెట్టేవాళ్లని బద్ధకస్తులంటారు. నేనొప్పుకోను. కుక్కర్ మూత తీస్తే పప్పు బద్దలు బద్దలుగా కనబడుతుంది. అన్నం చల్లారిపోతోంది, పిల్లలు ఆకలంటున్నారు. మళ్లీ పొయ్యెక్కిస్తే ఇంకో అరగంట. ఫోన్ తియ్యక ఏం చేస్తారు?

ఆ పప్పు ఎందుకు ఉడకలేదు? పులుపు వల్ల. కందిపప్పుతోపాటే మామిడికాయ ముక్కలో, గోంగూరో, చింతపండు రసమో పడేస్తున్నాం. గింజలో కణాల్ని అంటిపెట్టి ఉంచే జిగురు పేరు పెక్టిన్. అది కరిగితేనే పప్పు మెత్తబడేది. పులుపు దాన్ని కరగనివ్వదు. బోరు నీళ్లలోని కాల్షియం దాన్ని ఇంకా బిగిస్తుంది. అందుకే పప్పుకి తాగే నీళ్లే పొయ్యండి. పాపం ఉప్పు ముందు వేస్తే ఉడకదని దాన్ని తిడతారు గానీ, దాని తప్పు చాలా చిన్నది. అసలు దొంగ పులుపే.

గ్లాసు కందిపప్పు కడిగి అరగంట నానబెట్టండి. మూడు గ్లాసుల నీళ్లు, చిటికెడు పసుపు, అర చెంచా నూనె. నూనె ఎందుకంటే నురగ పొంగి విజిల్ దారిలో అడ్డం పడకుండా. పప్పూ నీళ్లూ కలిసి కుక్కర్లో సగం దాటకూడదు. మొదటి విజిల్ రాగానే మంట తగ్గించి పది నిమిషాలు, ఆవిరి దానంతటదే పోయేదాకా ఆగడం. మామిడికాయ ముక్కలు విడిగా, కాసిన్ని నీళ్లలో ఐదారు నిమిషాలు ఉడికించి, మెదిపిన పప్పులో కలపండి. చింతపండు రసమైనా అంతే, పప్పు మెదిగాకే.

వెనక వరసలో ఎవరో మూడు విజిల్సే అంటున్నారు. అమ్మా, ఎంత మంట మీద? పెద్ద మంట మీద మూడు విజిల్స్ నాలుగైదు నిమిషాల్లో వచ్చేస్తాయి, సన్న మంట మీద పావుగంట పట్టొచ్చు. విజిల్ గడియారం కాదు కదా! అసలు విజిలే రాకుండా మూత పక్క నుంచి ఆవిరి పోతుంటే గ్యాస్కెట్ సాగిందని. కాసేపు ఫ్రీజర్లో పెడితే ఆ పూటకి పట్టు వస్తుంది. మర్నాడు కొత్తది కొనండి. ఇంకో మాట, ఉడకలేదని వంటసోడా వెయ్యకండి. మెత్తబడుతుంది నిజమే, బి1 విటమిన్ పోతుంది, సబ్బు రుచి వస్తుంది.

హోటల్ సంగతి మర్చిపోయాననుకుంటున్నారు. హోటల్ పెనం మందం, మంట పెద్దది. పిండి పొయ్యగానే చల్లబడదు కాబట్టి అట్టు కరకరలాడుతుంది. మన పల్చటి పెనం మీద రెండో అట్టుకే వేడి దిగిపోతుంది. కాబట్టి దోసె తినడానికి వెళ్లండి, బిర్యానీకి వెళ్లండి, పప్పన్నానికి మాత్రం వెళ్లకండి. వెళితే బిల్లు చదవండి. మామూలు రెస్టారెంట్లో జీఎస్టీ 5 శాతం కట్టాల్సిందే. సర్వీస్ చార్జి మీ ఇష్టం. దాన్ని బిల్లులో వాళ్లంతట వాళ్లు కలపకూడదని వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే చెప్పింది.

అన్నం మిగిలితే గిన్నె మూత పెట్టి తెల్లారేదాకా గట్టు మీద ఉంచకండి. పళ్లెంలో పల్చగా పరిచి చల్లార్చి, రెండు గంటల్లోపు ఫ్రిజ్‌లో పెట్టండి. వేడన్నంలోనూ చావని సూక్ష్మజీవులు గట్టు మీద పెరిగి విషం వదులుతాయి. మర్నాడు పులిహోర కలిపి ఎంత వేడి చేసినా ఆ విషం పోదు.

చీటీ వచ్చింది, వడ్డన మొదలైందట. ఇవాళ మామిడికాయ పప్పే. బద్దలుగా ఉంటే వంటాయన్ని ముక్కలు ఎప్పుడు వేశావని అడిగి రండి.