బీదరికం కాపాడిన పట్నం

శ్రోతలందరికీ నమస్కారం. పాత ఊరు ఏదైనా చెక్కుచెదరకుండా ఉందంటే, అక్కడివాళ్లు ఎంత జాగ్రత్తగా చూసుకున్నారో అనుకుంటాం కదా. జర్మనీలో టౌబర్ నది పక్కన గుట్ట మీదున్న రోటెన్‌బుర్గ్ అనే చిన్న పట్నం కథ మాత్రం వేరు.

1274లో అది చక్రవర్తికి తప్ప ఇంకెవరికీ లోబడనక్కర్లేని స్వతంత్ర నగరమైంది, బాగా బతికింది. 1631లో, ఐరోపాలో ముప్ఫై ఏళ్ల యుద్ధం అని పేరుపడ్డ పోరులో, టిల్లీ అనే సేనాపతి దాన్ని పట్టుకున్నాడు. ఇంత వైన్ ఒక్క గుక్కలో తాగేవాడుంటే ఊరిని వదిలేస్తానని టిల్లీ అన్నాడట, మేయరుగారు మూడు లీటర్లకు పైగా గటగటా తాగేసి ఊరిని కాపాడారని ఒక కథ చెబుతారు. కథే లెండి! ఆ తర్వాత 1634లో ప్లేగు వచ్చింది, ఊరు చితికిపోయింది. చేతిలో డబ్బుంటే వాళ్లూ అందరిలాగే పాత గోడలు పడగొట్టి కొత్త మేడలు కట్టుకునేవాళ్లేమో, లేదు కాబట్టి ఉన్నవాటికే మరమ్మతులు చేసుకుంటూ సర్దుకున్నారు. రెండొందల ఏళ్ల తర్వాత చిత్రకారులు వచ్చి, అబ్బ, ఎంత అందంగా ఉందో అన్నారు.

వెళ్తే సెయింట్ జేకబ్ చర్చిలో పై అంతస్తు ఎక్కడం మర్చిపోకండి. 1500 ప్రాంతంలో రీమెన్‌ష్నైడర్ అనే శిల్పి చెక్కలో మలిచిన, క్రీస్తు శిష్యులతో చేసిన చివరి విందు దృశ్యం అక్కడుంది. రంగులు పుయ్యలేదు, వెనకాల చిన్న చిన్న కిటికీలు పెట్టారు, ఆ వెలుతురులోనే మొహాలు చూడాలి. మధ్యలో క్రీస్తు ఉంటాడనుకుంటాం, కానీ అక్కడ నిలబడి ఉన్నది ఆయన్ని పట్టించిన యూదా, చేతిలో డబ్బు సంచితో! నాకైతే ఊరు మొత్తంలో చూడాల్సింది ఇదొక్కటే అనిపిస్తుంది.

ఇక కోటగోడ. పైన పెంకులు కప్పిన ఇరుకు దారి ఉంది, దాని మీద నడుస్తూ ఊరిని దాదాపు చుట్టి రావచ్చు. తూర్పు వైపుకు వచ్చాక కాస్త ఆగి గోడను చూడండి, అక్కడక్కడా రాళ్ల మీద పేర్లు, పక్కన ఎన్ని మీటర్లో కూడా చెక్కి ఉంటాయి. 1945 మార్చి 31న బాంబులు పడి ఈ వైపు గోడ, వందల ఇళ్లు కూలిపోయాయి. తిరిగి కట్టడానికి మీటరుకింత అని దేశదేశాల నుంచి డబ్బు పంపినవాళ్ల పేర్లే అవి, జపాన్ వాళ్లవి బోలెడు కనిపిస్తాయి. మధ్యయుగం గోడ అని మనం ఫొటో దిగేచోటు చాలావరకు మన తాతల కాలంలో మళ్లీ కట్టింది.