ఏడాది సరుకు, నెల చీటీ

శ్రోతలందరికీ నమస్కారం.

మొన్న నూనె ప్యాకెట్లకని బజారుకు వెళ్ళాను. అరలో రెండు రకాలు పక్కపక్కనే పెట్టి ఉన్నాయి. రెండూ పొద్దుతిరుగుడు నూనే, చూడ్డానికి ఒకే సైజు. ఒకటి 140 రూపాయలు, ఇంకొకటి 147. ఏడు రూపాయలు కలిసొస్తుంది కదా అని చెయ్యి 140 దాని మీదికే పోయింది. బుట్టలో వేసుకోబోతూ వెనక్కి తిప్పి చూస్తే, కింద చిన్న అక్షరాల్లో 850 గ్రాములు అని ఉంది. రెండోదాని మీద 910 గ్రాములు. అక్కడే నిలబడి ఫోన్‌లో లెక్క వేశాను. చవక అనుకున్న ప్యాకెట్లో 100 గ్రాముల నూనె 16 రూపాయల 47 పైసలు పడుతోంది. ప్రియం అనుకున్న దాంట్లో 16 రూపాయల 15 పైసలే.

లీటరు నూనె తూగేది దాదాపు 910 గ్రాములు. ఇదివరకు నూనెను లీటరు, అరలీటరు లాంటి కొలతల్లోనే ప్యాక్ చేసి అమ్మాలన్న నిబంధన ఉండేది. 2022లో దాన్ని తీసేశారు. అందుకే 850, 800, 750 గ్రాముల ప్యాకెట్లు కూడా వస్తున్నాయి. మనం మాత్రం పాత అలవాటు కొద్దీ "ఒక లీటరు ప్యాకెట్ ఇవ్వండి" అని అడుగుతున్నాం. ఎం.ఆర్.పి. పక్కనే ఇంకో అంకె ఉంటుంది, చూడండి. కిలో లోపు ప్యాకెట్ అయితే గ్రాముకు ఎంత పడుతుందో, కిలో దాటితే కిలోకు ఎంత పడుతుందో వేయాలని తూనికలు, కొలతల నిబంధనల్లోనే ఉంది. చత్వారం ఉన్నవాళ్ళు పక్కన ఉన్న పిల్లల చేత చదివించుకోండి. పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవక అనుకోవడానికి కూడా లేదు. షాంపూనే తీసుకోండి. చాలాసార్లు సీసా కన్నా రూపాయి, రెండు రూపాయల ప్యాకెట్లే లెక్కకు తక్కువ పడతాయి.

ఇలా ప్యాకెట్ల మీద మిగిలేది పది, ఇరవై రూపాయలు. ఇంటి ఖర్చులో పెద్ద తేడా తెచ్చేది ఏ సరుకు ఏ నెలలో కొంటున్నాం అన్నది. ఈ సంగతి నేను మా అత్తగారి దగ్గర నేర్చుకున్నాను. ఈరోజు మీతో ముఖ్యంగా చెప్పాలనుకున్నదీ ఇదే.

కందిపప్పు సంగతి చూద్దాం. జూన్, జూలైలో విత్తిన కంది డిసెంబరు, జనవరికి చేతికొస్తుంది. కొత్త పంట మార్కెట్‌కు వచ్చే ఆ రోజుల్లోనే మేం ఏడాదికి సరిపడా పప్పు తెచ్చుకుంటాం. మాకు తాండూరు పప్పు అలవాటు. ఆ కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. తెచ్చిన పప్పును రెండు రోజులు మంచి ఎండలో ఆరబోస్తాం. తర్వాత అత్తగారు చాప మీద కూర్చుని, అరచేతికి కాస్త ఆముదం రాసుకుని, పప్పును రెండు చేతులతో పైకీ కిందికీ తిప్పుతూ పట్టిస్తారు. గింజ మీద సన్నని మెరుపు వస్తే చాలు, జిడ్డు కారేంత అక్కర్లేదు. అలా పట్టించిన పప్పును డబ్బాలో పోసి మూత గట్టిగా పెడితే తొందరగా పుచ్చదు. వండే ముందు గోరువెచ్చని నీళ్ళతో కడిగితే ఆముదం పోతుంది. ఒక్క జాగ్రత్త మాత్రం తీసుకోవాలి. ఎండలోంచి తీసిన పప్పు పూర్తిగా చల్లారాకే డబ్బాలో పోయాలి. పెళ్ళైన మొదటి ఏడు నేను తొందరపడి వేడివేడిగా పోసేశాను. లోపల చెమ్మ పట్టి నాలుగు కిలోల పప్పు బూజు వచ్చింది. ఆ పప్పు పారబోస్తుంటే పడ్డ బాధ ఇప్పటికీ గుర్తుంది.

బియ్యం కూడా అంతే. పాత బియ్యం ఒదుగుతాయి, అన్నం పొడిపొడిగా వస్తుంది. అందుకే వాటికి ధర ఎక్కువ. కొత్త బియ్యం అన్నం ముద్దవుతుంది, కాబట్టి తక్కువకు వస్తాయి. వానాకాలం పంట ఇళ్ళకు చేరాక, సంక్రాంతి వెళ్ళగానే కొత్త బియ్యం కొని ఇంట్లోనే పాతబడనిస్తే ఆ తేడా మనకే మిగులుతుంది. ముక్కపురుగు పట్టకుండా ఎండిన వేపాకు, నాలుగు ఎండుమిరపకాయలు గుడ్డలో మూట కట్టి సంచిలో పెడతాం. ఇంకో మాట. బియ్యం సంచి మీద 26 కిలోలు అని ఎందుకుంటోందో గమనించారా? 2022 జూలై నుంచి 25 కిలోల వరకు ప్యాక్ చేసిన బియ్యం, పప్పుల మీద 5 శాతం జి.ఎస్.టి. వేశారు. 25 కిలోలు దాటితే అది లేదు. అందుకే మిల్లర్లు ఒక కిలో కలిపి 26 కిలోల సంచి తెచ్చారు. పది కిలోల ప్యాకెట్ కొన్నప్పుడు మాత్రం ఆ పన్ను మనమే కడుతున్నాం.

"ఏడాది సరుకు ఒక్కసారే కొనాలంటే అంత డబ్బు ఎక్కడిది? అద్దె ఇంట్లో పెట్టుకునే చోటేది?" అని మీరు అడగవచ్చు. అడగాల్సిన మాటే. ఏ పూటకు ఆ పూట పావుకిలో, అరకిలో కొనుక్కునేవాళ్ళకే సరుకు అందరికన్నా ప్రియంగా పడుతోంది. ఇది నన్ను ఎప్పుడూ బాధపెట్టే విషయం. మా వీధిలో నాలుగిళ్ళ వాళ్ళం కలిసి పప్పు బస్తా తెప్పించుకుని పంచుకుంటాం. దానికోసం తలా కొంత నెలనెలా పక్కన పెడతాం. పొదుపు సంఘాల్లో ఉన్న అక్కచెల్లెళ్ళకు ఇది కొత్తేమీ కాదు. అప్పు కోసం కూర్చున్నట్టే సరుకు కోసం కూడా ఒకసారి కూర్చుని మాట్లాడుకోండి.

కూరగాయలు నిల్వ ఉండవు కాబట్టి వాటి లెక్క వేరు. 1999 జనవరి 26న మొదలైన రైతు బజార్లు ఇప్పటికీ నాకు నమ్మకమైన చోటు. గేటు దగ్గర బోర్డు మీద ఆ రోజు ధరలు రాసి ఉంటాయి. ముందు బోర్డు చదివి, ఏది చవకగా ఉంటే ఆ కూరే ఆ వారం వండుతాను. ఇంట్లోనే "బెండకాయ, దొండకాయ" అని తీర్మానించుకుని వెళితే ఎంత చెబితే అంత పెట్టాల్సిందే. 2023 జూలైలో కిలో టమాటా 150 రూపాయలు దాటింది, గుర్తుందా? అదే టమాటాను ధర లేక పత్తికొండలో, మదనపల్లెలో రైతులు రోడ్డు మీద పారబోసిన రోజులూ ఉన్నాయి. చవకగా ఉన్నప్పుడు నాలుగు కిలోలు ఎక్కువ కొని నిల్వ పచ్చడి పెట్టండి, ముక్కలు కోసి ఒరుగులు ఎండబెట్టండి. రైతు దగ్గర మాత్రం రూపాయి, రెండు రూపాయల కోసం బేరమాడకండి. రైతు నష్టపోతే మిగిలింది నాకు ఆదాలా అనిపించదు.

ఇక నెల సరుకుల చీటీ. మా ఇంట్లో చీటీ రాసేటప్పుడు ఒకరు డబ్బాలు మూతలు తీసి చెబుతారు, ఇంకొకరు రాస్తారు. "ఆవాలు ఉన్నాయి. మెంతులు ఉన్నాయి. మినప్పప్పు సగం ఉంది. జీలకర్ర అయిపోయింది." పది నిమిషాల పని. కిందటి నెల డబ్బాలు చూడకుండా రాస్తే, ఇంట్లో మూడు పావుకిలోల శనగపప్పు ప్యాకెట్లు తేలాయి. ఇప్పుడు ఫోన్ నొక్కితే పది నిమిషాల్లో గుమ్మం ముందుకు తెస్తున్నారు. అర్జెంటుగా కావాల్సినప్పుడు అది మంచి సాయమే. కానీ కొత్తిమీర కట్ట కోసం ఫోన్ తీసి, "ఇంత దాటితే డెలివరీ ఉచితం" అన్నారని అక్కర్లేనివి రెండు మూడు కలుపుతాం. ఆ బిల్లులన్నీ నెలాఖరుకు ఒకచోట కూడి చూడండి.

ఇది ఫిబ్రవరి నెల. గుంటూరు యార్డుకు కొత్త మిర్చి వస్తోంది. అమ్ముడుపోని సరుకు కోల్డ్ స్టోరేజీలకు వెళుతుంది. అక్కడి అద్దె కూడా తర్వాత ధరలో కలుస్తుంది. కాబట్టి కారానికి ఇప్పుడే మిరపకాయలు తీసుకుని, తొడిమలు తీసి, ఎండలో గలగలలాడేదాకా పెట్టి మిల్లుకు పట్టించుకోండి. చింతపండు కూడా దిగుతోంది. గింజ తీసిన దానికన్నా గింజతో ఉన్నది చవక. మేం వచ్చే ఆదివారం ఇరవై కిలోలు తెప్పిస్తున్నాం, నాలుగిళ్ళకు. మధ్యాహ్నం భోజనాలయ్యాక అందరం మా వరండాలో కూర్చుని గింజలు, ఈనెలు తీసి, రాళ్ళ ఉప్పు చల్లి, ముద్దలు కట్టి జాడీల్లోకి ఎత్తుతాం. జాడీలు ఇవాళ పొద్దున్నే కడిగి ఎండలో బోర్లించి వచ్చాను.

నమస్కారం.