పెద్దవాళ్లను సలహా అడగకండి, బెంగల సంగతి అడగండి

నమస్కారం. సంతోషంగా ఉండటం ఎలాగని పెద్దవాళ్లను అడిగితే మనకు ఎక్కువగా దొరికేది ఉపదేశం. "ఉన్నదానితో తృప్తిపడాలి నాయనా" అంటారు. మాట నిజమే, కానీ దాన్ని పట్టుకుని రేపటి నుంచి ఏం చేయాలో తెలియదు. అందుకే ప్రశ్న మార్చి అడగమంటాను: "నా వయసులో మీకు దేని గురించి బెంగగా ఉండేది? ఆ బెంగ చివరికి ఏమైంది?"

చెన్నైలో ఉండే మనకు అడగడానికి మంచి చోటు ఉంది, మైలాపూరులోని నాగేశ్వరరావు పార్కు. అమృతాంజనం స్థాపించి, 1914లో ఆంధ్రపత్రికను మద్రాసు నుంచి దినపత్రికగా తెచ్చిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి పేరు అది. పొద్దున నడక ముగించి బెంచీల మీద సేదతీరేవాళ్లలో తెలుగువాళ్లూ ఉంటారు.

అక్కడ, బ్యాంకులో పనిచేసి రిటైరైన ఒక పెద్దాయనను ఇదే అడిగాను. చాలాసేపు ఆలోచించి చెప్పారు: "నాకు రావలసిన ప్రమోషన్ నాకంటే చిన్నవాడికి ఇచ్చారమ్మా. ఏడాది పాటు సరిగా నిద్రపోలేదు. ఇప్పుడు అతనూ నేనూ రోజూ కలిసే నడుస్తున్నాం. మా అబ్బాయి అప్పుడు రెండో తరగతి. ఆ ఏడాది వాడు నాతో ఏం మాట్లాడాడో ఒక్కటీ గుర్తులేదు."

ఏ ఉపదేశమూ నన్ను ఇంతగా కదిలించలేదు.

అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన కార్ల్ పిల్లెమర్ వెయ్యి మందికి పైగా వృద్ధులతో మాట్లాడి, జీవితంలో దేనికి చింతిస్తున్నారని అడిగారు. పెద్ద పెద్ద తప్పులు బయటపడతాయని ఆయన అనుకున్నారు. కానీ మళ్లీ మళ్లీ వచ్చిన జవాబు, అనవసరంగా బెంగపడుతూ కాలం పోగొట్టుకున్నామని.

మరి ఆ తెలివి డెబ్బై దాటాకే రావాలా? అక్కర్లేదు. స్టాన్‌ఫర్డ్‌లో మనస్తత్వ శాస్త్రవేత్త లారా కార్‌స్టెన్సెన్ చెప్పేది ఏమిటంటే, మనిషిని మార్చేది వయసొక్కటే కాదు, ముందు ఎంత కాలం మిగిలి ఉందన్న ఎరుక. కాలం తక్కువని తోచినప్పుడు కొత్త పరిచయాల మీద, పేరు మీద యావ తగ్గి, మనసుకు దగ్గరైనవాళ్ల వైపు తిరుగుతాం. త్వరలో ఒంటరిగా దూర ప్రాంతానికి వెళ్లిపోతున్నట్టు ఊహించుకోమంటే యువకులు కూడా, ఉన్న కాస్త సమయాన్ని కొత్తవాళ్లతో కాక అయినవాళ్లతోనే గడుపుతామన్నారు. ఉద్యోగం కోసం ఊరు వదిలి చెన్నై వచ్చినవాళ్లకు ఇది చెప్పనక్కర్లేదు. బయలుదేరే ముందు వారం ఎవరి ఇంటికి వెళ్లారో గుర్తుచేసుకోండి.

అయితే పెద్దవాళ్లందరూ సంతోషంగా ఉన్నారని అనడం అన్యాయం. పార్కుకు రాగలిగినవాళ్లే మనకు కనిపిస్తారు. మోకాళ్లు సహకరించక, పిల్లలు విదేశాల్లో ఉండి, లిఫ్టు లేని ఇళ్లలో పైఅంతస్తులకే పరిమితమైపోయిన వాళ్లున్నారు. ఈ ప్రశ్న ముందుగా వాళ్లను అడగాలి. 1938లో మొదలై, మనుషుల జీవితాలను ఏళ్ల తరబడి గమనిస్తూ ఇప్పటికీ సాగుతున్న హార్వర్డ్ విశ్వవిద్యాలయ అధ్యయనంలో కూడా, ముసలితనంలో ఆరోగ్యానికీ ఆనందానికీ ఆసరాగా తేలింది మంచి అనుబంధాలే.

మీ అపార్టుమెంటులో అలాంటి పిన్నిగారో, మాస్టారో ఉంటే ఈ ఆదివారం వెళ్లండి. ఫోను జేబులోనే ఉంచండి. వాళ్లు మధ్యలో ఆగితే మాట అందించకండి, ఆగనివ్వండి. అసలు సంగతి తరచూ ఆ తర్వాతే వస్తుంది.