వీఏ లోన్‌తో ఇల్లు కొంటున్నారా? ఇన్‌స్పెక్షన్ మాత్రం వదలకండి

అందరికీ నమస్కారం. ఈరోజు మాట అమెరికాలో ఇల్లు కొనేవాళ్లకి, అందులోనూ అక్కడి సైన్యంలో చేస్తున్న మన పిల్లలకి, వాళ్లకి ఫోన్లో సలహాలు చెప్పే అమ్మానాన్నలకి. వీఏ లోన్ మీద ఇల్లు తీసుకుంటున్నప్పుడు విడిగా హోమ్ ఇన్‌స్పెక్షన్ చేయించాలా, లేక వీఏ తరఫున ఒకాయన వచ్చి చూస్తాడు కదా అని ఊరుకోవచ్చా? నా జవాబు ముందే చెప్పేస్తున్నాను. చేయించాలి. మీ డబ్బుతో, మీరు ఎంచుకున్న మనిషితో, వీలైతే మీరు దగ్గరుండి.

తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. వీఏ అంటే మాజీ సైనికుల వ్యవహారాలు చూసే ప్రభుత్వ శాఖ. రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చేవాళ్ల కోసం 1944లో జీఐ బిల్ అనే చట్టం చేశారు, ఈ ఇంటి లోన్ అందులోంచే వచ్చింది. అప్పిచ్చేది మామూలు బ్యాంకో, లెండరో. ఆ అప్పులో కొంత భాగానికి వీఏ పూచీ పడుతుంది. అందుకే డౌన్ పేమెంట్ ఒక్క డాలరు లేకపోయినా ఇల్లు కొనొచ్చు, నెలనెలా మార్ట్‌గేజ్ ఇన్సూరెన్స్, అంటే మీరు అప్పు తీర్చకపోతే లెండర్‌కి నష్టం రాకుండా చేసే బీమా, కట్టే పనీ లేదు. సైన్యంలో చేసినవాళ్లకి, చేస్తున్నవాళ్లకి ఇంతకన్నా మంచి లోన్ దొరకడం కష్టమే.

ఈ లోన్‌కి అప్రైజల్ తప్పనిసరి. అప్రైజర్ని మీరు ఎంచుకోలేరు, లెండరూ ఎంచుకోలేడు, వీఏ తన జాబితాలోంచి కేటాయిస్తుంది. ఆయన వచ్చి ఇంటికి విలువ కడతాడు, దాంతోపాటు వీఏ పెట్టిన కనీస ప్రమాణాలకి ఇల్లు సరిపోతుందా అనేదీ చూస్తాడు. ఇది విన్నాక చాలామందికి అనిపించేది ఒకటే. ప్రభుత్వం పంపిన మనిషే చూసి సరే అన్నాడు, మళ్లీ ఇంకొకడికి నాలుగైదు వందల డాలర్లు ఎందుకు తగలేయాలి?

మనవాళ్లకి ఈ అలవాటు పాతదే లెండి. హైదరాబాద్‌లోనో విజయవాడలోనో ఫ్లాట్ కొనేటప్పుడు "స్టేట్ బ్యాంక్ లోన్ ఇస్తోందండీ, ఇంకేం చూడక్కర్లేదు" అని ఎంతమంది అనగా వినలేదు! బ్యాంకు లాయరూ, బ్యాంకు పంపిన ఇంజనీరూ చూసేది తమ అప్పు మునిగిపోకుండా. బాత్రూం గోడలో చెమ్మ ఉందా, వానాకాలం సెల్లార్‌లోకి నీళ్లొస్తాయా అనేది వాళ్ల లెక్కలో లేదు. వీఏ అప్రైజలూ అంతే.

కంటికి ఎదురుగా కనిపించేవి అప్రైజర్ రాస్తాడు. సీలింగ్ మీద నీటి మరకలు, పనిచేయని హీటింగ్, 1978కి ముందు కట్టిన ఇంట్లో పెచ్చులూడుతున్న పెయింట్, ఎందుకంటే పాత పెయింట్లలో సీసం ఉండేది, ఇలాంటివి. ఇన్‌స్పెక్టర్ పని వేరు. రెండు మూడు గంటలు ఇంట్లోనే ఉంటాడు, ఎక్కగలిగితే రూఫ్ ఎక్కుతాడు, రూఫ్ కింద ఉండే ఖాళీ అటిక్‌లోకి దూరతాడు, కరెంటు ప్యానెల్ మూత విప్పి వైరింగ్ చూస్తాడు, కుళాయిలన్నీ తిప్పి సింకు కింద తడిమి చూస్తాడు, ఏసీ ఎన్నేళ్ల నాటిదో దాని మీద లేబుల్ చూసి రాస్తాడు. వీఏ కూడా ఈ తేడా దాచిపెట్టదు. అప్రైజల్ అంటే ఇన్‌స్పెక్షన్ కాదు, ఇంటి స్థితికి మేం హామీ ఇవ్వం, విడిగా చేయించుకోండి అనే చెబుతుంది.

ఇప్పుడు డబ్బు సంగతి. డౌన్ పేమెంట్ లేదు కాబట్టి రిస్కూ తక్కువే అనుకుంటారు. నిజానికి తిరకాసు అక్కడే ఉంది. నాలుగు లక్షల డాలర్ల ఇల్లు అనుకోండి. మొదటిసారి వీఏ లోన్ వాడుతూ డౌన్ పేమెంట్ ఏమీ పెట్టకపోతే వీఏకి ఒకసారి కట్టే ఫండింగ్ ఫీజు 2.15 శాతం, అంటే 8,600 డాలర్లు. సర్వీసులో కలిగిన వైకల్యానికి వీఏ నుంచి పరిహారం అందుకునేవాళ్లకి ఈ ఫీజు ఉండదు, మిగతావాళ్లలో చాలామంది దాన్ని కూడా లోన్‌లోనే కలిపేస్తారు. అంటే తాళాలు చేతికొచ్చిన రోజే ఇంటి ధరకన్నా మీ అప్పు ఎక్కువ. అలాంటప్పుడు జూలైలో ఏసీ చచ్చిపోతేనో, సీవర్ పైపు, అంటే మురుగునీటి పైపు, పగిలిందని ప్లంబర్ చెబితేనో, ఇంటి మీద మరో అప్పు తీసుకుందామన్నా అందులో మీ వాటా అంటూ ఏమీ లేదు, క్రెడిట్ కార్డే గతి. పైగా సైన్యంలో ఉన్నవాళ్లకి రెండు మూడేళ్లలో బదిలీ ఆర్డర్లు రావచ్చు, అప్పుడు అమ్మబోతే కొనేవాడు తన ఇన్‌స్పెక్టర్ని తెచ్చుకుంటాడు, మీరు చూడని లోపాలన్నీ ఆయన చూస్తాడు.

ఇంకో అపోహ కూడా ఉంది. వీఏ కాంట్రాక్టులో ఎస్కేప్ క్లాజ్ ఉంటుంది, ఇల్లు నచ్చకపోతే బయటికి వచ్చేయొచ్చు అంటుంటారు. క్లాజ్ ఉన్నమాట నిజమే, కానీ అది విలువకి సంబంధించింది. వీఏ కట్టిన విలువ మీరు ఒప్పుకున్న ధరకన్నా తక్కువైతే ఎర్నెస్ట్ మనీ, అంటే ముందుగా ఇచ్చిన బయానా, పోగొట్టుకోకుండా తప్పుకోవచ్చు. విలువ సరిపోయి, ఫౌండేషన్ మాత్రం బీటలు వారి ఉంటే? దానికి ఆ క్లాజ్ అక్కరకు రాదు. ఇన్‌స్పెక్షన్ కంటింజెన్సీ అని, అంటే లోపాలు బయటపడితే తప్పుకునే షరతు, విడిగా రాయించుకోవాలి.

దాన్నే వదులుకోమని ఒత్తిడి వస్తుంది. 2021 ప్రాంతంలో ఒక్కో ఇంటికి ఆఫర్లు కుప్పలుగా వచ్చినప్పుడు, అసలే వీఏ లోన్ అంటే మొహం చిట్లించే సెల్లర్లని ఒప్పించడానికి ఇన్‌స్పెక్షన్ వద్దని రాసి ఇచ్చినవాళ్లు ఉన్నారు. మీ ఏజెంట్ అలా సలహా ఇస్తే వేరే దారులు అడగండి. ఇన్‌స్పెక్షన్ గడువు నాలుగైదు రోజులకి తగ్గించండి, చిన్న చిన్న రిపేర్లు అడగనని రాసివ్వండి, సెల్లర్ ఒప్పుకుంటే ఆఫర్ పెట్టకముందే ఇన్‌స్పెక్టర్ని తీసుకెళ్లండి. అసలు చూడకుండా మాత్రం కొనకండి. ఈశాన్యం ఎటుందో, గుమ్మం తూర్పుకుందో ఫోన్లో కంపాస్ పెట్టి మరీ చూసుకుంటాం, అటిక్‌లో ఏముందో చూడటానికి మొహమాటం ఎందుకో నాకు అర్థం కాదు.

ఊరిని బట్టి చూడాల్సినవి మారతాయి. శాన్ ఆంటోనియోలో చాలాచోట్ల నేల నల్ల జిగురుమట్టి, వానకి ఉబ్బి ఎండకి కుంగి ఫౌండేషన్‌ని కదిలిస్తుంది. తలుపులు సరిగ్గా పడుతున్నాయా, ఇటుక గోడలో మెట్లు మెట్లుగా పగులు ఉందా చూడమనండి. కొలరాడో స్ప్రింగ్స్ అయితే రాడాన్, అంటే నేలలోంచి ఇంట్లోకి చేరే రేడియోధార్మిక వాయువు, దాని పరీక్ష అడగండి, రీడింగ్ లీటరు గాలికి 4 పీకోక్యూరీలు, అంతకు మించి వస్తే సరిచేయించుకోమని పర్యావరణ శాఖ చెబుతుంది. చెట్లున్న పాత ఇల్లయితే సీవర్ లైన్‌లో కెమెరా పెట్టించండి. చెదల పరీక్ష చాలా రాష్ట్రాల్లో వీఏ ఎలాగూ అడుగుతుంది, ఆ ఖర్చు కొనేవాళ్లే పెట్టుకోవడానికి 2022 జూన్ నుంచి అనుమతి కూడా ఇచ్చింది. బిల్డర్ దగ్గర కొత్త ఇల్లు కొంటున్నా ఇదే మాట. గోడలకి షీట్‌రాక్ పలకలు వేసి లోపలి వైర్లు, పైపులు కప్పేయకముందు ఒకసారి, మొదటి ఏడాది వారంటీ అయిపోవడానికి నెల ముందు ఒకసారి చూపించండి.

రిపోర్ట్ చూసి టెన్షన్ పడకండి. పేజీలకి పేజీలు ఫోటోలతో వస్తుంది, ఎంత మంచి ఇంటికైనా అంతే. రూఫ్, ఫౌండేషన్, కరెంటు, ప్లంబింగ్, ఏసీ, ఈ ఐదింటి మీద ఏం రాశాడో చదవండి, తలుపు పిడి వదులుగా ఉంది లాంటివి వదిలేయండి. ఇంకో మాట, ఆ రిపోర్ట్ మీది. లెండర్ అడగకపోతే మీరుగా పంపక్కర్లేదు. పెద్ద లోపం కనిపిస్తే ఆ పని చేసేవాడిని పిలిచి కొటేషన్ తీసుకుని, సెల్లర్‌ని బాగుచేయమనో, ధర తగ్గించమనో అడగండి. ఇదంతా గడువులోపే జరగాలి. టెక్సాస్‌లో అయితే ఆప్షన్ పీరియడ్, అంటే కొనేవాళ్లు వద్దనుకుని తప్పుకోగలిగే గడువు, చివరి రోజు సాయంత్రం ఐదింటితో అయిపోతుంది, ఐదున్నరకి పంపిన ఈమెయిల్ చెల్లదు, అందుకే కాంట్రాక్ట్ మీద సంతకం పెట్టిన రోజే ఇన్‌స్పెక్టర్‌కి ఫోన్ చేసి టైం తీసుకోండి.