రెండున్నర పౌండ్లకు పరాయివాళ్ల నిగ్రహం

[తెరపై: కంప్యూటర్ ముందు తలవంచుకుని కూర్చున్న ఒక భర్త బొమ్మ]

2007లో బ్రిటన్‌లో అలెక్స్ రాండల్, క్రిస్టియన్ హంట్ అనే ఇద్దరు చీట్‌న్యూట్రల్ అనే వెబ్‌సైట్‌ను నడిపారు. భార్యనో భర్తనో మోసగించినవారు అందులో 2.50 పౌండ్లు చెల్లిస్తే, ఆ సొమ్ము జీవిత భాగస్వామికి నమ్మకంగా ఉంటున్న మరొకరికి అందుతుందని, దానితో లోకంలోని మొత్తం ద్రోహం పెరగకుండా సమంగా ఉంటుందని వారు ప్రకటించారు. విన్న ఎవరికైనా నవ్వు రావలసిందే, ఎందుకంటే ఎక్కడో ఒక అపరిచితుడు బుద్ధిగా ఉన్నంత మాత్రాన ఇంట్లో ఏడుస్తున్న మనిషి కన్నీళ్లు ఆగవు. వారు నవ్వించదలచుకున్నది మాత్రం కార్బన్ ఆఫ్‌సెట్ గురించి, అంటే మనం వదిలిన కర్బనానికి డబ్బు కట్టి, మరొకచోట అంతే కర్బనాన్ని తగ్గించే ఏర్పాటు గురించి.

నాకు ఈ హాస్యం ఎంతో నచ్చింది, కానీ అది ఒకచోట గురి తప్పిందని కూడా చెప్పాలి. ద్రోహం ఒక మనిషికి జరుగుతుంది, కార్బన్ డయాక్సైడ్ అలా కాదు, ఎక్కడ వెలువడినా వాతావరణమంతటా కలిసిపోతుంది. ఒక లీటరు పెట్రోలు బరువు ముప్పావు కిలోయే అయినా, అది మండినప్పుడు అందులోని కర్బనం గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్‌గా మారుతుంది. అంత వాయువు మరొక ఊళ్లో నిజంగా తగ్గితే, భూగోళానికి సంబంధించినంతవరకు లెక్క సరిపోయినట్లే. ఆ "నిజంగా" అన్న మాట దగ్గరే హాస్యం సూటిగా తగులుతుంది: డబ్బు అందుకున్న ఆ నమ్మకస్తుడు, డబ్బు ఇవ్వకపోయినా నమ్మకంగానే ఉండేవాడు కదా! ఎవరూ నరకదలచుకోని అడవిని "కాపాడాం" అని క్రెడిట్లు, అంటే ఇంత కర్బనం తగ్గించామనే పత్రాలు, అమ్మితే జరిగేదీ అదే.

[తెరపై: కర్ణాటక పటం, ఆంధ్ర సరిహద్దు పక్కన గుడిబండ]

బ్రిటిష్ సంగీత బృందం కోల్డ్‌ప్లే 2002లో తన ఆల్బమ్ తయారీ, పంపిణీల వల్ల వెలువడిన కర్బనానికి బదులుగా, అప్పటి కోలారు జిల్లాలోని గుడిబండ ప్రాంతంలో 10,000 మామిడి మొక్కలు నాటించే పథకానికి పూనుకుంది. నాలుగేళ్ల తరువాత బ్రిటిష్ విలేకరులు చూడబోతే, చాలా మొక్కలు నీళ్లులేక ఎండిపోయి ఉన్నాయి. వర్షాధార భూమిలో మామిడి మొక్క వేళ్లూనుకునేదాకా కుండలతో మోసైనా నీరు పోయాలన్న సంగతి ఆ చుట్టుపక్కల ఏ రైతును అడిగినా చెప్పి ఉండేవాడు, కానీ మొక్కకు లెక్క ఉన్నంత స్పష్టంగా నీటికి, కూలికి లెక్క లేకపోయింది. పైగా కర్బనం గాలిలో కలిసింది ఆ ఏడే, చెట్టు దాన్ని పీల్చుకోవడానికి పట్టేది దశాబ్దాలు.

అదే నేలమీద మరొక పథకమూ ఉంది, దాన్ని గురించి ఎవరూ హాస్యానికైనా మాట్లాడకపోవడం నాకు బాధ కలిగిస్తుంది. తెలుగు కుటుంబాలు ఎక్కువగా ఉన్న బాగేపల్లిలోను, గుడిబండతో సహా పొరుగు తాలూకాలలోను, కూలీ సంఘం ఆధ్వర్యంలో 5,500 గోబర్ గ్యాస్ ప్లాంట్లు కట్టే పథకం, కర్బన వాయువులను తగ్గించేందుకు దేశాలు చేసుకున్న క్యోటో ఒప్పందం కింద, ఆఫ్‌సెట్ పథకంగా 2005లో నమోదైంది. రెండు మూడు పశువుల పేడతో ఇంటి పొయ్యి వెలుగుతుంది కనుక కట్టెలు కాల్చే అవసరం తగ్గుతుంది, వంటింట్లో పొగ ఉండదు, మిగిలిన ముద్ద పొలానికి ఎరువవుతుంది. ఇక్కడ ఆడవారికి రోజూ దక్కే లాభమే ప్లాంటుకు కాపలాగా నిలుస్తుంది.

[తెరపై: నీలిమంటతో పొయ్యి]

కాబట్టి విమాన టికెట్‌తోపాటు ఆఫ్‌సెట్ కొనమని అడిగినప్పుడు, ముందు ఆ ప్రయాణం మానుకోగలమా అని చూసుకుని, తప్పనిసరైతే ఆ డబ్బుతో జరిగే పని మన డబ్బు లేకపోయినా జరిగేదేనా, పదేళ్ల తరువాత దాన్ని ఎవరు చూసుకుంటారు అని అమ్మేవారిని అడగండి. గోబర్ గ్యాస్ అయితే, పశువులు అమ్ముడుపోయిన ఇంట్లో, ప్లాంటు గుమ్మటం బీటలువారిన ఇంట్లో, గ్యాస్ రాని రోజులను తగ్గించిన కర్బనం లెక్కలోంచి తీసివేశారో లేదో కూడా అడగండి.